రాణుల్ని మళ్లీ అత్తారిళ్లకు పంపాను

న్యూజిలాండ్‌లో, పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో మొదటి మూడేళ్లూ నేను ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి పనిచేశాను. దాన్ని అక్కడ హోమ్ కేర్ అంటారు. పొద్దున్నే సైకిల్ మీద బయల్దేరి ఒకరికి స్నానానికి సాయం, ఒకరికి టోస్టూ టీ, ఇంకొకరి ఇంట్లో వాక్యూమ్ చేయడం. గుంటూరు జిల్లాలో ఒక జూనియర్ కాలేజీలో ఆరేళ్లు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. ఎమ్మే సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టు మీద మా ఆయన ఇంటిపేరు. ఆ ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ పంపిస్తే, అక్కడ నా చదువును గుర్తించాల్సిన ఆఫీసువాళ్లు ఇంకో కాగితం అడిగారు. ఆ కాగితం కోసం మా తమ్ముడు యూనివర్సిటీ చుట్టూ తిరుగుతున్నాడు. ఈలోగా ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరాను. చేరానే గానీ లోపల కుతకుత ఉడుకుతూనే ఉండేదాన్ని. ఎవరైనా “ఇండియాలో ఏం చేసేదానివి?” అని అడిగితే చాలు, అవసరమైనదానికంటే నాలుగు మాటలు ఎక్కువే చెప్పేదాన్ని.

నేను వెళ్లే ఇళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై రెండేళ్లు. ఉద్యోగమంతా లైబ్రరీలో చేసి రిటైరయింది. చూపు పోతోంది. ఎదురుగా ఉన్నది కనపడదు, పక్కగా ఉన్నది కొంచెం కనపడుతుంది. అందుకని నాతో మాట్లాడేటప్పుడు నా చెవి వైపు చూసేది. అక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక ఆంటీ అన్నాను. “నేను నీకు ఏ వైపు ఆంటీని? మీ అమ్మ వైపా, నాన్న వైపా?” అని అడిగింది. నవ్వేసి ఊరుకున్నాను. అది వేళాకోళం కాదని తర్వాత తెలిసింది.

ఆవిడ ముందుగదిలో కిటికీ పక్కన బల్ల మీద ఒక పొడవాటి చెక్క సొరుగు ఉండేది. పాతకాలం లైబ్రరీల్లో పుస్తకాల వివరాలు రాసిన కార్డులు నిలబెట్టేవారే, ఆ సొరుగు. కంప్యూటర్లు వచ్చాక వాటిని బయట పారేస్తుంటే ఈవిడ ఒకటి కారులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. అందులో పుస్తకాల కార్డులు లేవు, రాణులున్నారు. నాలుగు వందల పైచిలుకు కార్డులు, కార్డుకొక మనిషి. యూరప్ రాజవంశాల్లో పుట్టి, పాఠ్యపుస్తకాల్లో రెండు వాక్యాలకు కూడా నోచుకోని ఆడవాళ్లు. పేరు, పుట్టిన చోటు, పెళ్లిచేసి పంపిన దేశం, చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఒకటి. ముప్పై ఏళ్లపాటు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని రాసినవి.

పనయ్యాక పది నిమిషాలు మిగిలితే ఒక కార్డు తీసి నా చేతికిచ్చి చదవమనేది. కొన్ని కార్డుల పై అంచున కత్తెరతో చిన్న గాట్లు పెట్టుకుంది. “నాలుగో గాటు, వెనక ఏడోది” అని గొణుక్కుంటూ వేలితో లెక్కపెట్టి తీసేది. ఒక్కసారీ తప్పేది కాదు. నేను పేరు చదివితే చాలు, కథంతా తనే చెప్పేది. డేన్‌మార్క్ రాజకుమార్తె కథ అలాగే విన్నాను. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఫ్రెంచి రాజుకిచ్చి చేస్తే, పెళ్లయిన మర్నాడే ఆయన వద్దు పొమ్మన్నాడు. ఎందుకో ఈ రోజుకీ ఎవరికీ తెలియదట. ఆ పిల్లకి ఫ్రెంచి ముక్క రాదు. అయినా పోనంది. రాణిని నేనేనంటూ మఠాల్లో, కోటల్లో బందీగా ఉండి ఇరవై ఏళ్లు పోట్లాడి, చివరికి ఆ రాజుచేతే మళ్లీ రాణి అనిపించుకుంది. అది విన్న రోజు ఇంటికి వస్తూ సైకిల్ మీద ఏడ్చాను. ఆ ఊరి గాలికి కళ్లలో నీళ్లు ఎలాగూ వస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఊళ్లో చరిత్ర మీద ఇష్టమున్నవాళ్లు కొంతమంది నెలకోసారి లైబ్రరీ మేడమీద గదిలో కలుస్తారు. ఎన్నాళ్లుగానో ఆవిడను వచ్చి మాట్లాడమని అడుగుతున్నారు. ఇంకా పూర్తి కాలేదని ఆవిడ దాటవేస్తూ వచ్చింది. ఆ ఏడు ఒప్పుకుంది. ఉన్న చూపు కూడా పోయేలోగా, వెల్లింగ్టన్‌లో కూతురి దగ్గరికి మారిపోయేలోగా, ఒక్కసారి. కార్డు ఆవిడ తీస్తుంది, పేరు నేను చదువుతాను, కథ ఆవిడ చెబుతుంది. అదీ ఏర్పాటు. నన్ను అడిగినప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఇన్నాళ్ల తర్వాత పదిమంది ముందు నిలబడి నా నోటితో చరిత్ర మాట ఒకటి పలకబోతున్నాను.

సరిగ్గా మూడు వారాల ముందు, కంటి పరీక్షల కోసం కూతురు వచ్చి ఆవిడను వెల్లింగ్టన్ తీసుకెళ్లింది. రెండు రోజులు. తాళం నా చేతికిచ్చి, కిటికీలు తెరిచి దుమ్ము తుడవమన్నారు. తుడిచి ఇంటికి పోతే పోయేది. సొరుగు ముందు కూర్చున్నాను.

కార్డులు తిప్పుతుంటే ఆ వరుస ఏమిటో నాకు అంతు పట్టలేదు. అక్షరక్రమం కాదు, కాలక్రమమూ కాదు. ఫ్రాన్సుకి వెళ్లినావిడ వెనక జర్మనీకి వెళ్లినావిడ, ఆమె వెనక పోర్చుగల్‌కి వెళ్లినావిడ. పాపం, చూపు సరిగా ఆనక కలగాపులగం అయిపోయాయనుకున్నాను; ఆవిడ గాట్లు లెక్కపెట్టే తీస్తుందన్నది ఆ ఉత్సాహంలో గుర్తే రాలేదు. ఎమ్మే చదివిన చేతులు ఊరుకుంటాయా? ఎవరిని ఏ దేశానికి ఇచ్చారో ఆ దేశం కింద సర్దడం మొదలుపెట్టాను. పెళ్లయ్యాక ఆడపిల్ల ఏ ఇంటిదైతే ఆ ఇంటి కిందే కదా లెక్క! మా ఇళ్లలో గోత్రం దగ్గర్నుంచి రేషన్ కార్డు దాకా అంతే. ఇంటిపేరు మారి సర్టిఫికెట్లు చెల్లక అవస్థ పడుతున్నదాన్ని నేనే అయినా, ఇంకో పద్ధతి ఉంటుందన్న ఆలోచనే నా బుర్రకు తట్టలేదు. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాల అట్టలు కత్తిరించి ఇంగ్లండు, ఫ్రాన్సు, స్వీడన్, రష్యా అని రాసి మధ్యమధ్యలో నిలబెట్టాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అయిపోయాక సొరుగు ముందు నిలబడి తెగ మురిసిపోయాను.

శుక్రవారం ఆవిడ వచ్చేసింది. తనే కనిపెట్టి మెచ్చుకుంటుందని నేను చెప్పకుండా ఊరుకున్నాను. టీ తాగి సొరుగు దగ్గర కూర్చుంది. లెక్కపెట్టి ఒక కార్డు తీసి నాకిచ్చింది. చదివాను. “ఆవిడ కాదే” అని ఇంకోటి తీసింది. అదీ కాదు. మూడోది తీయబోతుంటే వేలు అట్టముక్కకు తగిలింది.

“ఇదేమిటి?”

చెప్పాను. సగం చెప్పేసరికే ఆవిడ ముఖం పాలిపోయింది. 

“వాళ్లను అమ్మల వరుసలో పెట్టుకున్నాను” అంది మెల్లగా. “తల్లి, ఆమె వెనక కూతుళ్లు, వాళ్ల వెనక వాళ్ల కూతుళ్లు. గాటు ఉందంటే అక్కడ కొత్త తల్లి మొదలైందని.”

“కార్డు మీద తల్లి పేరు రాసి లేదు కదా…”

“రాయడం దేనికి? ఎవరి వెనకుంటే ఆవిడే తల్లి.”

 కార్డు ఎక్కడుందన్నదే అక్కడ రాసిన రాత. దాన్ని నేను శుభ్రంగా చెరిపేశాను.

“కోటలో పెట్టినావిడ ఇప్పుడు ఎక్కడుంది?” అని అడిగింది. నాకు ఆ కథ తెలుసు. చిన్న జర్మన్ రాజ్యంలో పుట్టిన పిల్ల. ఇంకొకరిని ప్రేమించిందని భర్త విడాకులిచ్చి, ఒక మారుమూల కోటలో పెట్టేశాడు. ముప్పై ఏళ్లు. పిల్లల్ని మళ్లీ చూడనివ్వలేదు. ఆ భర్తే తర్వాత ఇంగ్లండుకు రాజయ్యాడు. అన్నేళ్లూ ఆమెను చూడ్డానికి వస్తూ, విడిపించమని కనపడినవాళ్లందర్నీ అడుగుతూ ఉన్నది ఒక్క తల్లే.

“ఇంగ్లండు కింద ఉంది” అన్నాను.

“ఆయనతోపాటు.”

ఇంగ్లండు అట్టముక్కను బయటికి లాగాను.

“అందర్నీ మళ్లీ మొగుళ్ల దగ్గరికి పంపేశావన్నమాట” అంది. కోపం లేదు ఆ మాటలో. కోపపడి ఉంటే నయంగా ఉండేది. “లైబ్రరీకి ఫోన్ చెయ్. నంబరు గోడ మీదుంది. నేను రావడం లేదని చెప్పు.”

ఫోన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. “మూడు వారాలుంది” అన్నాను. “వరుస మీ తలలో ఉంది కదా. నేను ఒక్కో కార్డూ చదువుతాను. మీరు తల్లెవరో చెప్పండి.”

“నా తలలో ఎంత మిగిలిందో నాకే తెలియదమ్మాయ్” అంది. అయినా ఫోన్ చేయమని మళ్లీ అనలేదు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. కంప్యూటర్ మనిషి కదా, వెంటనే పరిష్కారం దొరికింది. “దానికింత టెన్షనెందుకే? మొత్తం సిస్టంలోకి ఎంటర్ చేసేసి సార్ట్ కొట్టేద్దాం. వీకెండ్‌లో అయిపోద్ది.”

“దేని మీద సార్ట్ కొడతారండీ? ‘అమ్మ’ అనే కాలమ్ అసలు లేదు” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, “అయితే కష్టమే” అని నిమ్మకు నీరెత్తినట్టు టీవీ వైపు తిరిగారు. ఆయన మీద అరిచాను. ఆయన తప్పేమీ లేదని అరుస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు.

మర్నాటినుంచి రోజూ మిగతా ఇళ్లన్నీ ముగించుకుని మధ్యాహ్నం ఆవిడ దగ్గరికి వెళ్లాను. నేను చదవడం, ఆవిడ కళ్లు మూసుకుని తల్లి పేరు చెప్పడం. ఈసారి ఆ పేరు కార్డు మీద రాస్తూ వచ్చాను. అనుకున్నంత సులువుగా ఏమీ జరగలేదు. రాజవంశాల్లో పేర్లకు కరువు. ఒకే పేరుతో డజను మందికి పైగా తేలారు. “ఇది ఆ మందులావిడేనా?” అని అడగాల్సి వచ్చేది. మందులావిడ అంటే జర్మనీలో సాక్సనీకి వెళ్లిన డేన్‌మార్క్ రాజుగారి కూతురు. పదిహేనుమందిని కని, పదకొండుమందిని చిన్నతనంలోనే పోగొట్టుకుంది. తోటలో మూలికలు పెంచి, కషాయాలు కాచి, జబ్బుపడ్డవాళ్లకు మందులు పంపుతూ గడిపింది. ఆ కార్డు దగ్గర ఆవిడ చాలాసేపు ఆగింది. తనకూ ఇద్దరు పిల్లలు పోయారని అప్పుడు చెప్పింది. అంతకుముందు ఏడాదిగా ఆ ఇంటికి వెళుతున్నాను, నాకు తెలియదు.

కొన్నిరోజులు బాగా నడిచేది. కొన్నిరోజులు ఆవిడకు ఏ పేరూ గుర్తొచ్చేది కాదు. అలాంటప్పుడు విసుక్కునేది. నేను తొందరపెడితే, “నువ్వు చెరిపింది రెండు రోజుల్లో, నేను రాసింది ముప్పై ఏళ్లు” అనేది. నాకు తల కొట్టేసినట్టుండేది. అనాల్సిందేలే అని నోరు మూసుకుని తర్వాతి కార్డు చదివేదాన్ని.

మూడో వారంలోకి వచ్చేసరికి ఇరవై కార్డులు మిగిలాయి. లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకాలు మోసుకొచ్చి పద్నాలుగింటికి తల్లుల్ని పట్టుకున్నాం. ఆరు తేలలేదు. సొరుగులో అన్నిటికంటే వెనక, అసలు మొదటినుంచీ తల్లెవరో తెలియనివాళ్ల గుంపు ఒకటుంది. ఆ ఆర్గురినీ అక్కడ పెట్టమంది. పెడుతున్నప్పుడు నా చేతులకు ఆ సంగతి తెలిసింది. ఆర్గురు ఆడవాళ్లను నేను తల్లులనుంచి విడదీశాను. ఇంక కలపలేను.

బహుశా నా ముఖం పక్కనుంచి కనిపించిందేమో, ఆవిడ మాట మార్చింది. “నీ సంగతి చెప్పు. మీ అమ్మ?”

అమ్మ పేరు చెప్పాను. అమ్మమ్మ పేరు చెప్పాను.

“ఆవిడ అమ్మ?”

 కృష్ణదేవరాయల తాతముత్తాతల్ని గడగడా అప్పజెప్పగలను. మా అమ్మమ్మ తల్లి పేరు నాకు తెలియదు. “అయితే నువ్వూ వెనకే” అంది ఆవిడ, చేత్తో సొరుగు చివర తట్టి. అది వేళాకోళమే. అయినా నాకు రోషం వచ్చింది.

సాయంత్రం కాలింగ్ కార్డు గీకి అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం, భోజనాల వేళ.

“మా అమ్మమ్మ పేరా? ఎవరన్నా పేరెట్టి పిలిస్తేగా తెలవడానికి! అందరూ కరణంగారి పెద్దకోడలు అనేవోళ్లు” అంది అమ్మ. తర్వాత కాస్త ఆలోచించి, ఒక పేరు చెప్పింది. రాసుకుంటుంటే, “అది కూడా అసలు పేరు కాదులేవే. వాళ్లత్తగారి పేరూ ఈవిడ పేరూ ఒకటేనంట. కోడల్ని ఆ పేరుతో కేకెయ్యకూడదు కదా, అందుకని పెళ్లినాడే మార్చేశారంట” అంది.

“మరి ఆ అత్తగారి పేరేంటమ్మా?”

“ఆవిడ పేరు ఇంకెవరికి తెలుస్తదే! అయినా నీ దగ్గర మరచెంబుందిగా, మా అమ్మమ్మకి పుట్టింటోళ్లు పెట్టిందే. అడుగున పేరు కొట్టించుంటారు చూడు.”

మరచెంబు మా ఇంట్లో మైక్రోవేవ్ మీద ఉంది. మూత తిప్పి బిగించే ఇత్తడి చెంబు. పూర్వం ప్రయాణాల్లో నీళ్లకు తీసుకెళ్లేవారు. ఆ దేశంలోకి విత్తనాలు రానివ్వరు, అందుకని ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో లోపల గింజలేమైనా దాచానేమోనని మూత తీసి మరీ చూశారు. నేను అందులో పెన్నులు పెట్టుకున్నాను. పెన్నులన్నీ బల్ల మీద కుమ్మరించి అడుగు చూశాను. పాత్రల కొట్టువాడు ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు నాలుగు. మొదటిది తెలుస్తోంది. మిగతావి ఎన్ని చేతులు, ఎన్నేళ్లు చింతపండూ బూడిదా వేసి తోమాయో, గీతల్లో కలిసిపోయాయి. శాసనాల మీద కాగితం పరిచి అచ్చు తీయడం చదువుకున్నదాన్ని కదా అని, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దాను. గీతలే పడ్డాయి. 

మర్నాడు చెంబు సంచిలో వేసుకుని ఆవిడ దగ్గరికి తీసుకెళ్లాను. జరిగింది చెప్పి, అత్తవారు పెట్టిన పేరైతే ఉంది, కార్డు మీద అదే రాసుకుందామా అని అడిగాను.

“అది కాదు. ఆమె అమ్మ పిలిచిన పేరు కావాలి” అంది. “ఇలా తే.”

చెంబును బోర్లించి ఒళ్లో పెట్టుకుంది. చూపుడువేలి కొస అడుగున ఆనించి, కళ్లు మూసుకుంది. కార్డుల గాట్లు లెక్కపెట్టీ పెట్టీ ఆ వేలికి వచ్చిన నేర్పు నా కళ్లకు లేదు. “గీతలు వేరు, చుక్కలు వేరు” అంది కాసేపటికి. “చుక్క లోతుగా ఉంటుంది. నాకు ఆ లావు పెన్ను ఇవ్వు.”

ఒక ఖాళీ కార్డు తీసుకుని, ఎడమచేతి వేలు చెంబు మీద కదుపుతూ, కుడిచేత్తో గీయడం మొదలుపెట్టింది. ఆమెకు తెలుగు అక్షరం అంటే ఏమిటో తెలియదు. ఏది పైనో ఏది కిందో తెలియదు. గుండ్రంగా ఒకటి గీసి ఆగింది. మళ్లీ తడిమింది. “దీని పైన చిన్న టిక్కు ఉంది. నువ్వు గీత అనుకుని ఉంటావు” అంటూ పెట్టింది. రెండో అక్షరం. మూడోది అంతకంటే సేపు పట్టింది. నాలుగోది గీస్తుండగానే నాకు తెలిసిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“వచ్చిందా?” అంది.

“వచ్చింది.”

“ఇంకేం, రాయి.”

ఆ పేరు ఇక్కడ రాయను. ఇందులో ఏ రాణి పేరూ రాయలేదు, మా అమ్మమ్మ తల్లి పేరొక్కటే రాస్తే మిగతావాళ్లకు అన్యాయం. ఆ కార్డు మీద రాశాను. దాని వెనక అమ్మమ్మ కార్డు, అమ్మది, నాది. మొదటి కార్డు అంచున ఆవిడే కత్తెర తీసుకుని గాటు పెట్టింది. ఆ సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి అమ్మకు చెప్పాను. “బాగుందే పేరు” అంది అమ్మ, ఎవరో పరాయివాళ్ల పేరు విన్నట్టు. తర్వాత ఏదో పనుందని ఫోన్ పెట్టేసింది.

శనివారం లైబ్రరీ మేడమీద గదిలో ముప్పైమంది దాకా వచ్చారు. దాదాపు అందరూ తెల్లజుట్టువాళ్లే. సొరుగును మా ఆయన మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, వెనక గోడ దగ్గర నిలబడ్డారు.  ఆవిడ మొదటి గాటు వెతికి, లెక్కపెట్టి, కార్డు తీసి నాకు ఇచ్చింది. పేరు చదివాను. ఆవిడ తల ఊపింది. అదే మనిషి. నాకప్పటికి ఊపిరి ఆడింది. ఫ్రాన్సు వదిలి పోనన్న పిల్ల, మందులావిడ, భర్త పోయాక పదమూడేళ్లు సైన్యాన్ని నడిపి రాజ్యాన్ని కొడుకు చేతికప్పగించిన జర్మన్ వితంతువు. కోటలో పెట్టినావిడ కార్డు తీసినప్పుడు, దాని ముందున్న ఆమె తల్లి కార్డు కూడా తీసి రెండూ నా చేతిలో పెట్టింది. ఒక గంటపాటు ఒక్క కార్డూ తప్పు రాలేదు.

చివర్లో, అనుకున్న జాబితా అయిపోయాక, ఆవిడ వేలు ఇంకా వెనక్కి వెళ్లింది. నాకు చెప్పలేదు ఈ సంగతి. కొత్త గాటు దగ్గర ఆగి, ఒక కార్డు తీసింది.

“ఈవిడ రాణి కాదు” అంది గదిలోవాళ్లతో. “ఈవిడ కథ నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా పేరు. పెళ్లిరోజున తీసేశారట.” కార్డు నా వైపు చాపింది. “చదువు.”

ఆ లావు పెన్ను గీతల కింద నా చేతిరాత ఉంది. ఆవిడను ఆ పేరుతో చివరిసారి పిలిచింది ఎవరై ఉంటారు? తల్లే అయి ఉంటుంది, బండి ఎక్కించేటప్పుడు. చదివాను. నా గొంతు నాకే వినపడలేదు.

వెనక వరుసలో చెవికి మిషన్ పెట్టుకున్న పెద్దాయన ఒకరు చెయ్యెత్తారు. పేరు సరిగా వినపడలేదు, ఇంకోసారి చెప్పమని అడిగారు.

చెప్పాను. ఈసారి ఆయనకు వినపడేట్టు చెప్పాను.